ఏ నీటికి ఏ పడవ?

ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన పడే అనంతపురం ప్రాంతంలో పడవల పాఠమేమిటని మీరు నవ్వవచ్చు. కాని మంచి వానలు కురిసి చెరువు మరవ పారిన ఏడాది చూడండి. చేపలు పట్టేవాళ్ళ పుట్టి నీళ్ళమీదికి వస్తుంది. చూడగానే ఎక్కాలనిపిస్తుంది. ఎక్కేముందు అది గుండ్రంగా ఎందుకుందో ఆలోచిద్దాం.

పుట్టినే హరిగోలు అని కూడా అంటారు. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, పూర్వం పైన తోలు కప్పేవారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి హరిగోళ్ళు తిన్నగా పోక గిరగిరా తిరుగుతుంటాయని రాశాడు. నిజమే. పొడవైన పడవను పక్కకు తిప్పబోతే దాని పొడుగునా ఉన్న నీరు అడ్డుకుంటుంది. గుండ్రటిదానికి ఆ అడ్డు లేదు. పేస్‌కు అది లోపంగా తోచిందేమో కాని, వల వేసేవాడికి, బండరాళ్ళ నడుమ ఏరు దాటేవాడికి అదే సౌకర్యం.

మరో లాభం లెక్కలో తెలుస్తుంది. ఒక పుట్టి అడుగు చదునుగా, 2 మీటర్ల వ్యాసంతో ఉందనుకోండి. అడుగు వైశాల్యం 3.14 చదరపు మీటర్లు. పుట్టి, నలుగురు మనుషులు, వల అన్నీ కలిపి 314 కిలోలు. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం అది 314 లీటర్ల నీటిని తొలగించాలి. అందుకు 10 సెంటీమీటర్లు మునిగితే చాలు, జానెడు కూడా కాదు! చెరువు ఎండుతూ మోకాలి లోతుకు వచ్చినా పుట్టి నడుస్తుంది.

సముద్రంమీద ఈ గుణాలు అక్కరకు రావు. అక్కడ దూరం పోవాలి, తిన్నగా పోవాలి, అలను తట్టుకోవాలి. మన కోస్తా జాలరుల తెప్ప తేలిక దుంగలను కలిపి కట్టినది. అల మీదుగా పోయినా నీరు దుంగల సందుల్లోంచి జారిపోతుంది. (ఇప్పుడు చాలాచోట్ల ఫైబర్ మోటారు పడవలే కనిపిస్తాయి.) గ్రీన్‌లాండ్ ఇన్యూట్‌లు మరో ఉపాయం పన్నారు. వారి కయాక్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మనిషి కూర్చునే రంధ్రం తప్ప పైభాగమంతా పూర్వం సీల్ చర్మంతో మూసేసేవారు.

పొడుగువల్ల వేగం కూడా వస్తుంది. కదిలే పడవ తన ముందు ఒక అలను లేపుతుంది. వేగం పెరిగినకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. అది పడవ పొడవంత అయ్యాక, పడవ తను లేపిన అలనే ఎక్కలేక ఈడ్చుకుంటుంది. 2 మీటర్ల పడవకు ఈ హద్దు గంటకు 6 కిలోమీటర్ల పైచిలుకు, 4 మీటర్లదానికి 9. అందుకే నేడు సముద్రయాత్రకు 5 మీటర్ల కయాక్ తీసుకుంటారు. కొండవాగుల సుడుల్లో చటుక్కున తిరగవలసినవారు దానిలో సగం పొడవుతో సరిపెట్టుకుంటారు.

ఇక అసలు సంగతి. 2017 ఏప్రిల్‌లో గుంతకల్లు దగ్గర ఎర్రతిమ్మరాజు చెరువులో పుట్టి బోల్తాపడి పదిమందికి పైగా చనిపోయారు. మోయగలిగినదానికన్నా ఎక్కువమంది ఎక్కారని పత్రికలు రాశాయి. ఎక్కువమంది ఎక్కితే ఏమవుతుందో మన లెక్కలోని పుట్టితోనే చూద్దాం. దాని అంచు 45 సెంటీమీటర్ల ఎత్తనుకుందాం. నలుగురున్నప్పుడు నీటిపైన 35 సెంటీమీటర్ల అంచు మిగులుతుంది. ఎక్కే ప్రతి మనిషికీ అది దాదాపు 2 సెంటీమీటర్లు దిగుతుంది. పదిహేనుమంది ఎక్కినా ఇంకా 14 సెంటీమీటర్లు మిగిలే ఉంటుంది. చూశారా, కదలకుండా సమంగా కూర్చుంటే మునగదు! ఒడ్డున ఉన్నవాళ్ళు "ఏం కాదులే, ఎక్కండి" అనేది అందుకే. కాని ఒకడు లేచి నిలబడతాడు, ఇద్దరు ఒక పక్కకు వంగుతారు. నలుగురున్న పుట్టి 19 డిగ్రీలు ఒరిగితేగాని అంచు నీటిని తాకదు. పదిహేనుమంది ఉన్నదానికి 8 డిగ్రీలు చాలు. నీరు లోపలికి వచ్చాక అదీ పల్లానికే పరుగెత్తి ఒరుగును ఇంకా పెంచుతుంది. లైఫ్ జాకెట్ లేకుండా, నలుగురిని మించి ఎక్కే పుట్టిలో మీరు ఎక్కకండి.

తొట్టిలో నీళ్ళు పోసి, అడుగు చదునైన గిన్నెను తేల్చండి. గులకరాళ్ళు సమంగా పరుస్తూ అంచు నీటికి రెండు వేళ్ళ ఎత్తున ఉండేదాకా నింపండి. తర్వాత ఒక్కొక్క రాయినే ఒక పక్కకు జరపండి. ఎన్నో రాయికి నీరు లోపలికి వచ్చిందో రాసుకోండి. సగం రాళ్ళు తీసేసి మళ్ళీ చేయండి.