నీలివజ్రము – నిందమోసిన రాయి

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాలలో విత్తేవారితోపాటు వజ్రాలు వెదికేవారు కూడ కనబడతారు. ఆ కబుర్లు మా నందికొట్కూరు ఇళ్లలోనూ వినబడుతుంటాయి. వాటి వెంటే, ఫలానా రాయి కలిసివస్తుందనీ, ఫలానా నీలిరాయి ఇల్లు ముంచుతుందనీ చెప్పే మాటలు కూడ వింటుంటాము. గనుక మన తెలుగు నేలలో పుట్టి, లోకమంతటా శాపపు రాయి అనిపించుకున్న ఒక నీలివజ్రము సంగతి చెప్పదలచాము.

దాని పేరు హోప్ వజ్రము. కృష్ణ ఒడ్డున పల్నాటి సీమలోని కొల్లూరు గనిలో దొరికిందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయము. చిరుధాన్యము విత్తడానికి నేల త్రవ్విన ఒక పేదవానికి రాయి దొరకగా ఆ గని బయటపడిందని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె వ్రాశాడు. స్త్రీలు, పిల్లలతో కలిపి అక్కడ సుమారు 60,000 మంది పనిచేసేవారట. ఆ చోటు నేడు పులిచింతల జలాశయములో మునిగి ఉన్నది.

టావెర్నియె ఈ వజ్రాన్ని 1668లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీకి అమ్మాడు. 1673లో దానిని సానపట్టి చిన్నది చేశారు. 1792లో విప్లవకాలములో దొంగలు ఎత్తుకుపోయారు. తరువాత మరింత చిన్నదై లండనులో తేలి, అక్కడి హోప్ కుటుంబము పేరు పొందింది. 1958లో హ్యారీ విన్‌స్టన్ అనే నగల వర్తకుడు దానిని అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియముకు దానముగా, రిజిస్టరు పోస్టులో పంపాడు. నేడు దాని బరువు 45.52 క్యారట్లు, అనగా సుమారు 9 గ్రాములు; తులమైనా తూగదు.

మనవారు ఉంగరాలలో పెట్టించుకునే నీలము వేరు. నీలానికి ఇనుము, టైటానియము రంగునిస్తాయి. వజ్రము కేవలము కర్బనము. అందులో రవ్వంత బోరాన్ చేరితే నీలిరంగు వస్తుంది. ఇట్టివి భూమిలో 600 కిలోమీటర్లకు పైగా లోతున పుట్టాయని 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అతినీలలోహిత కాంతి పడనిచ్చి దీపమార్పితే, హోప్ వజ్రము కొంతసేపు నిప్పుకణికవలె ఎఱ్ఱగా వెలుగుతుంది.

మరి శాపము మాట? విగ్రహము కంటినుండి దొంగిలించినందున టావెర్నియెను కుక్కలు చీల్చాయని కథ. నిజానికి ఆయన ఎనభై దాటి బ్రతికి, 1689లో రష్యాలో మరణించాడు. ఇట్టి కథలను ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్లలో పత్రికలు పెంచాయి. నగల వర్తకుడు కార్టియె 1911లో ఎవలిన్ మెక్లీన్ అనే ధనికురాలికి వజ్రము అమ్మినప్పుడు ఆ కథలనే వినిపించాడు. 1919లో ఆమె తొమ్మిదేండ్ల కుమారుడు కారు ప్రమాదములో చనిపోతే, జనము రాయినే నిందించారు. ఆమె మాత్రము 1947లో మరణించేవరకు దానిని విడువలేదు.

చదువరులారా, కన్నబిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఓదార్పు కావాలిగాని శాపపు కథ కాదు. మన ఊళ్లలో నింద రాయితోనే ఆగదు; కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదంటాము, పుట్టిన పసికందును నష్టజాతకమంటాము. రాయికి చెవులు లేవు గనుక నిందను మోసింది. ఆ కోడలికి, ఆ పసికందుకు మనసున్నది. దుఃఖము వచ్చిన ఇంటిలో కారణము వెదకుట మాని, కన్నీరు తుడుచుట నేర్చుకుందాము.