ఇంధన ఇంజెక్షన్ ఇంజన్లలో ఐడ్లింగ్ లోపాలు

యాక్సిలరేటరు మీద కాలు మోపనప్పుడు ఇంజను తనంత తాను తిరిగే కనీస వేగాన్ని ఐడ్లింగ్ వేగం అంటారు. వేడెక్కిన పెట్రోలు కారు ఇంజనులో ఇది సాధారణంగా నిమిషానికి 700 నుండి 900 చుట్లు ఉంటుంది. ఈ వేగం అతిగా పెరగడం, పడిపోయి ఇంజను ఆగిపోవడం, పెరుగుతూ తరుగుతూ ఊగిసలాడడం ఐడ్లింగ్ లోపాలలో ముఖ్యమైనవి. కూడలిలో ఇంజను ఆగిపోతే పవర్ స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకుకు తోడ్పడే వాక్యూమ్ కొద్దిసార్లు తొక్కగానే ఖర్చయిపోతుంది. కనుక ఈ లోపాన్ని తేలికగా తీసుకోరాదు.

గాలి లెక్క

కార్బురేటరు ఉన్న కార్లలో ఒక స్క్రూను తిప్పి ఐడ్లింగ్ సరిచేసేవారు. ఇంజెక్షన్ ఇంజనులో ఆ పని కంప్యూటరుది. యాక్సిలరేటరు వదిలినప్పుడు త్రాటిల్ పలక దాదాపుగా మూసుకుంటుంది. కావలసిన కొద్దిపాటి గాలి పక్కదారిలోని ఐడిల్ వాల్వు గుండా వస్తుంది. ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉన్న కార్లలో ఈ వాల్వు ఉండదు, మోటారే పలకను కాస్త తెరిచి ఉంచుతుంది. వచ్చిన గాలిని బట్టి కంప్యూటరు పెట్రోలు చిమ్మిస్తుంది. బరువులో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఐడ్లింగ్ లోపాలలో చాలా వరకు ఈ లెక్క తప్పడం వలన వచ్చేవే.

లెక్క ఎలా తప్పుతుందన్నది గాలిని కొలిచే పద్ధతిని బట్టి ఉంటుంది. బాష్ సంస్థ 1967లో వోక్స్‌వాగన్ 1600 కారు కొరకు తెచ్చిన డి-జెట్రానిక్ పద్ధతి మానిఫోల్డు పీడనాన్ని చూసి గాలిని అంచనా వేసేది. 1970లలో వచ్చిన ఎల్-జెట్రానిక్ లోపలికి పోయే గాలినే కొలిచేది. ఈ రెండు మార్గాలూ నేటి కార్లలోనూ ఉన్నాయి. మానిఫోల్డుకు చెందిన రబ్బరు గొట్టం పగిలితే, పీడనం చూసే ఇంజనులో కంప్యూటరు పెరిగిన పీడనానికి తగ్గ పెట్రోలు ఇస్తుంది, వేగం పెరుగుతుంది. గాలిని కొలిచే ఇంజనులో ఆ గాలి మీటరు దాటాక చొరబడుతుంది కాబట్టి లెక్కకు రాదు. మిశ్రమం పలచబడి ఇంజను వణుకుతుంది. చిల్లు ఒకటే, లక్షణాలు వేరు.

ఊగిసలాట

కారు వేగం తగ్గించేటప్పుడు, త్రాటిల్ మూసి ఉండి ఇంజను వేగంగా తిరుగుతుంటే కంప్యూటరు పెట్రోలు ఆపివేస్తుంది. ఎక్కడో గాలి కారుతూ ఐడ్లింగ్ ఆ హద్దును దాటితే పెట్రోలు ఆగి వేగం పడిపోతుంది. పడిన వెంటనే పెట్రోలు మళ్ళీ వచ్చి వేగం లేస్తుంది. ఈ తంతు ఆగకుండా సాగుతుంది. ఇది చూసి కంప్యూటరు చెడిపోయిందని మార్చివేయడం వృథా ఖర్చు. అది తనకు అప్పగించిన పనే చేస్తున్నది.

పరీక్షించే క్రమం

మొదట లోప సంకేతాలను చదవాలి. పి0506 అంటే వేగం ఉండవలసినదానికన్నా తక్కువని, పి0507 అంటే ఎక్కువని అర్థం. ఇవి లక్షణాన్ని చెబుతాయి గాని కారణాన్ని చెప్పవు. కారణానికి దారి చూపేది పెట్రోలు సవరణ శాతం, అంటే ఆక్సిజన్ సెన్సర్ మాట విని కంప్యూటరు పెట్రోలును ఎంత పెంచిందో, ఎంత తగ్గించిందో తెలిపే అంకె. గాలిని కొలిచే ఇంజనులో ఇది ఐడ్లింగులో బాగా ఎక్కువగా ఉండి 2,500 చుట్ల దగ్గర మామూలు స్థితికి వస్తే గాలి కారుతున్నదని అనుమానించాలి. వేగంతోపాటు పెరిగితే పెట్రోలు పంపు, ఫిల్టరు, గాలి మీటరు చూడాలి.

గాలి కారే చోటును పొగ యంత్రంతో కనిపెట్టడం మేలు. వేడి ఇంజను మీద మండే ద్రవాన్ని చల్లి చూసే పాత అలవాటు అగ్నిప్రమాదానికి దారి తీయవచ్చు. కూలెంటు ఉష్ణోగ్రత సెన్సర్‌ను మరువరాదు: వేడెక్కే కొద్దీ దీని నిరోధం తగ్గుతుంది గనుక, తుప్పు పట్టిన కనెక్టరు నిరోధాన్ని పెంచి, ఇంజను ఇంకా చల్లగా ఉన్నదని కంప్యూటరును నమ్మిస్తుంది. అప్పుడు వేగంతోపాటు పెట్రోలు ఖర్చు కూడా పెరుగుతుంది.

త్రాటిల్ అంచున మసి పేరుకుంటే గాలి తగ్గి ఇంజను ఆగిపోతుంటుంది, శుభ్రపరిస్తే చాలు. ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉన్న చాలా కార్లలో ఆ తరువాత కంప్యూటరుకు పలక స్థానాన్ని తిరిగి నేర్పించాలి, లేకుంటే మసి పోయినా వేగం ఎక్కువగానే ఉంటుంది. త్రాటిల్ ఆపు స్క్రూను మాత్రం, తయారీదారు సూచిస్తే తప్ప, కదపరాదు.