సిమెంటు పడవలో ఉక్కు వల

1848లో దక్షిణ ఫ్రాన్సులోని మిరావాల్ ఎస్టేటులో జోసెఫ్ లూయీ లాంబో ఇనుప తీగల అల్లిక మీద సిమెంటు మెత్తి ఒక చిన్న పడవ చేశాడు. నీట్లో వదిలితే తేలింది. తడికి పాడయ్యే కర్రకు బదులుగా వాడదగినదంటూ 1855లో పేటెంటు తీసుకుని, అదే ఏడు పారిస్ ప్రదర్శనలో పెట్టాడు. లోకం మాత్రం సన్నని తీగల్ని వదిలేసి, లావుపాటి కడ్డీల కాంక్రీటుతో భవనాలు, వంతెనలు కట్టుకుంటూ పోయింది. 1940ల్లో ఇటలీ ఇంజనీరు పియెర్ లుయీజీ నెర్వీ ఈ పాత ఆలోచనను మళ్ళీ పట్టుకున్నాడు. ఆయన కట్టిన 165 టన్నుల తెరచాప నౌక 'ఇరేనే' గోడ మందం 35 మిల్లీమీటర్లే.

ఇదే ఫెర్రోసిమెంటు. సిమెంటు ఒత్తిడిని ఓర్చుకుంటుంది, లాగితే పగులుతుంది. కడ్డీలు దూరదూరంగా ఉంటే ఆ పగులు వెడల్పుగా నోరు తెరుస్తుంది. అదే ఉక్కును సన్నని తీగలుగా దగ్గరదగ్గరగా పరిస్తే, ఒక్క పెద్ద పగులు రావలసిన చోట వెంట్రుకవాసి పగుళ్ళు అనేకం వస్తాయి. వాటిలోంచి నీరు దూరడం కష్టం. బండను గుద్దుకున్నా ముక్క ఊడిపడదు. తీగలు పట్టి ఉంచుతాయి.

ముందుగా గొట్టాలు, 6 మి.మీ. కడ్డీలతో పడవ ఆకారంలో చట్రం కడతారు. లోపలా బయటా మూడు నాలుగు పొరల చికెన్ మెష్ వేసి బైండింగ్ వైరుతో బిగిస్తారు. వైరు కొసలన్నీ లోపలికి మడవాలి; బయటికి పొడుచుకొచ్చిన ప్రతి కొసా తుప్పుకు దారే.

పూత రోజే కీలకం. ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్ళ ఇసుక. నీళ్ళు సిమెంటు బరువులో 40 శాతం దాటకూడదు. లోపలి మేస్త్రీ మాలును గట్టిగా నెడితే అది బయటి మెష్ కళ్ళలోంచి పొడుచుకు రావాలి. అప్పుడే మధ్యలో గాలి మిగల్లేదని నమ్మకం. బయటి మేస్త్రీ దాన్ని తాపీతో సాపు చేస్తాడు. మొదలుపెట్టాక ఆపకూడదు: ఆరిన మాలుకూ కొత్త మాలుకూ మధ్య అతుకు పడితే నీరు అక్కడే ఊరుతుంది. చెన్నై ఎండలో మాలు త్వరగా బిగుస్తుంది కనుక నీడ, మనుషులు ముందే సిద్ధంగా ఉండాలి. తర్వాత గోనెపట్టాలు కప్పి వారాల తరబడి తడి ఆరనీయకూడదు.

అమరికలు కూడా పూతకు ముందే ఆలోచించాలి. తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తాళ్ళు పడవ అంచును పైకి లాగుతాయి. వాటి పట్టీలను చట్రానికే వెల్డు చేస్తే ఆ లాగుడు గోడంతా పంచుకుంటుంది. నీటి కవాటాల చోట చెక్క బిరడాలు పెట్టి పూస్తే తర్వాత తొలిచే బాధ ఉండదు. కంచు కవాటం లోపలి ఉక్కును తాకితే ఉప్పునీటిలో రెంటి మధ్యా కరెంటు పుట్టి ఉక్కును తినేస్తుంది. అందుకే మధ్యలో కర్ర దిమ్మ, నైలాన్ తొడుగు పెడతారు.

చెన్నై తీరం దీనికి కఠిన పరీక్షే. హార్బరు లేని రోజుల్లో అలలు దాటి సరుకు మోసిన మసూలా పడవల పలకలను మేకులు లేకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. అల కొడితే అవి వంగి తట్టుకునేవి. ఇసుక మీదికి లాగే పడవకు తేలికదనం కావాలి. 25 మి.మీ. ఫెర్రోసిమెంటు గోడ చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు తూగుతుంది. ఇక్కడి ఇసుక మీద ఫైబర్ పడవలు గెలవడం సబబే. కానీ కాసిమేడు వంటి హార్బరులో ఎప్పుడూ నీటిపైనే ఉండే, 10 మీటర్లు దాటిన పడవకు ఆ బరువు అడ్డం కాదు. చెన్నై తరమణిలోని స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ రీసెర్చ్ సెంటర్ ఇదే పదార్థాన్ని నీళ్ళ ట్యాంకులకు పనికొచ్చేలా తీర్చిదిద్దింది.

1960, 70లలో చాలా దేశాల్లో అనుభవం లేనివారు పెరట్లోనే ఇలాంటి పడవలు కట్టుకున్నారు. వాటిలో నాసిరకం పని వల్లే ఫెర్రోసిమెంటుకు చెడ్డపేరు వచ్చింది. కుళ్ళిన కర్ర కంటికి కనిపిస్తుంది. పూత వెనక ఖాళీ కనిపించదు, సుత్తితో తట్టి శబ్దం వినాలి. కాబట్టి సిమెంటు చవకని ఈ పడవకు దిగేవారు మెష్ కట్టేవాళ్ళ కూలిలో, మాలు నెట్టేవాళ్ళ కూలిలో కోత పెట్టకూడదు. పడవ ఆయుష్షు నిర్ణయమయ్యేది వాళ్ళ చేతుల్లోనే.