మైక్రోవేవ్ డోర్ తీయగానే ఫ్యూజ్ పోతోందా? కారణం ఇదే!

అశోక్ నగర్‌లో మా రూమ్‌లోని మైక్రోవేవ్ డోర్ తీయగానే ‘టప్’మని ఆగిపోయింది. చిక్కడపల్లిలో ఫ్యూజ్ వేయించా. మళ్లీ డోర్ తీశా, మళ్లీ టప్! మెకానిక్ ‘ఈ స్విచ్ వైర్ పీకేస్తే సరిపోద్ది’ అన్నాడు. వద్దన్నాను. ఎందుకో చెప్తా.

డోర్ దగ్గర సాధారణంగా మూడు మైక్రో స్విచ్‌లుంటాయి. డోర్ తీయగానే రెండు కరెంట్ కట్ చేస్తాయి. వాటి కాంటాక్ట్‌లు అతుక్కుపోతే, మూడోదైన మానిటర్ స్విచ్ కావాలనే షార్ట్ చేసి ఫ్యూజ్ కాల్చేస్తుంది. అది పీకేస్తే, డోర్ తెరిచినా మైక్రోవేవ్‌లు బయటికొస్తూనే ఉంటాయి!

అందుకే ఫ్యూజ్‌తో పాటు మూడు స్విచ్‌లూ మార్పించండి. మల్టీమీటర్ ఉంది కదా అని మీరే కవర్ విప్పొద్దు. ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో 2,000 వోల్టుల దాకా ఛార్జ్ మిగిలి ఉండొచ్చు.