మీకు తెలుసా? బూట్ డిస్కును ఎన్నుకొనునది ఎవరు?

మీట నొక్కినంతనే కంప్యూటరునకు విండోస్ గాని లైనక్స్ గాని స్ఫురింపదు. మదర్‌బోర్డుపై నొక చిన్న చిప్పులో నిక్షిప్తమైన ఫర్మ్‌వేర్ ముందుగా మేల్కొని, మెమరీని, కీబోర్డును పరీక్షించి, పిదప ఏ డిస్కునుండి ఆరంభింపవలెనో తానే నిర్ణయించును.

1981లో వెలువడిన తొలి ఐబీఎం పీసీ ఫ్లాపీకై వెదకి, అది లభింపనిచో తనలో ఇమిడియున్న బేసిక్ భాషనే తెరపై నిలిపెడిది.

హార్డ్ డిస్కులు వాడుకలోనికి వచ్చిన పిమ్మట బయాస్ అను ఫర్మ్‌వేర్, డిస్కులోని మొదటి సెక్టారునందలి 512 బైట్లను చదివి, వాని తుదిని 55, ఏఏ అను రెండు బైట్ల ముద్ర కానవచ్చిననే దానిని సాధారణముగా అంగీకరించి, లేనియెడల వరుసలోని తరువాతి డిస్కును పరీక్షించుచుండెను.

మనము కూర్చిన యీ వరుస పాత యంత్రములలో సీమాస్ మెమరీయందు, రూపాయి బిళ్ళవంటి 3 వోల్టుల బ్యాటరీ బలమున నిలిచియుండెడిది. బ్యాటరీ నీరసించిననాడు గడియారముతోపాటు ఆ వరుసయు విస్మృతమగుచుండెను.

నేటి యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేరన్ననో, ఆ వరుసను విద్యుత్తు లేకున్నను చెదరని ఫ్లాష్ చిప్పులో వ్రాసికొని, సెక్టారు ముద్రకై వెదకుటకు మారుగా డిస్కులోని ప్రత్యేక విభాగమునందలి బూట్ ఫైలునే నేరుగా తెరచి నడిపించును.