ఏ చెయ్యి విరిగిందో రాయని డాక్టరు

మన క్యాంపస్‌లో 'కోడింగ్' అంటే ఒకటే అర్థం. రాత్రి రెండింటి దాకా లాప్‌టాప్ ముందు కూర్చుని సెమీకోలన్ ఎక్కడ పోయిందో వెతుక్కోవడం. కానీ అమీర్‌పేటలో బస్సు దిగి కాస్త తలెత్తి చూస్తే, 'కోడింగ్ ట్రైనింగ్' అని కనిపించే బోర్డుల్లో కొన్నింటికి మనతో సంబంధమే ఉండదు. అక్కడ చేరేది బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్, ఫిజియోథెరపీ చదివినవాళ్ళు. వాళ్ళు నేర్చుకునేది మెడికల్ కోడింగ్.

మా పెద్దమ్మ కూతురు ఆ పనే చేస్తుంది. అమెరికాలో ఒక డాక్టర్ పేషెంట్‌ని చూసి నోట్స్ రాస్తాడు. ఆ నోట్స్ హైదరాబాద్‌లో అక్క స్క్రీన్ మీదికి వస్తాయి. అవి చదివి, జబ్బుకి ఒక కోడ్, చేసిన వైద్యానికి ఒక కోడ్ వెయ్యాలి. ఆ కోడ్‌లు చూసే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఇస్తుంది, లేదా ఇవ్వనంటుంది. అక్క ఈ ఉద్యోగంలో 2014లో చేరింది. పని చేతికి అలవాటయ్యేసరికి, 2015లో మొత్తం పద్ధతే మారిపోయింది. అన్ని ఆసుపత్రుల్లో, అంతమంది స్టాఫ్‌కి ఒక కొత్త కోడింగ్ పద్ధతి ఎలా నేర్పించారు? అక్కని అడిగీ, నేను చదివీ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా. డేటాబేస్ మైగ్రేషన్ అంటే ఆసక్తి ఉన్నవాళ్ళు ఓపిగ్గా చదవండి.

ముందు ఈ కోడ్‌లు ఎక్కడివో చూద్దాం. జబ్బులకి ప్రపంచమంతా ఒకే పేర్ల జాబితా ఉండాలన్న ఆలోచన పాతదే. 1893లో ఫ్రాన్స్‌కి చెందిన జాక్ బెర్టిలోన్ మరణ కారణాల జాబితా ఒకటి తయారుచేసి ఇచ్చాడు. అదే పెరిగి పెరిగి ఐసీడీ అయింది. ఇప్పుడు దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ చూసుకుంటుంది. పదో వెర్షన్‌ని 1990లో ఆమోదించారు. చాలా దేశాలు దానికి మారిపోయినా, అమెరికా ఆసుపత్రులు మాత్రం 1979లో మొదలుపెట్టిన తొమ్మిదో వెర్షన్‌తోనే బండి లాగించాయి. మారడానికి మొదట పెట్టుకున్న తేదీ 2013 అక్టోబర్ 1. అది 2014కి, మళ్ళీ 2015కి జరిగింది. చివరికి 2015 అక్టోబర్ 1న మారారు. అంటే 36 ఏళ్ళ అలవాటు ఒక్క రాత్రిలో పాతదైపోయింది.

పాత పద్ధతిలో జబ్బుల కోడ్‌లు సుమారు 14 వేలు. కొత్తదాంట్లో సుమారు 69 వేలు. ఆసుపత్రిలో చేర్చుకుని చేసే ఆపరేషన్లు, ప్రొసీజర్లకి పాత కోడ్‌లు దాదాపు 4 వేలైతే, కొత్తవి 70 వేలు దాటాయి. పాత కోడ్‌లో గరిష్ఠంగా ఐదు స్థానాలు, ఎక్కువగా అంకెలే. కొత్త కోడ్‌లో ఏడు దాకా, అంకెలూ అక్షరాలూ కలిపి.

ఇది వినగానే మన బుర్రలో మొదట వచ్చే మాట ఏంటి? "దీనికి మనుషులకి ట్రైనింగ్ ఎందుకు? ఒక హ్యాష్ మ్యాప్ రాసేస్తే సరిపోతుంది కదా. పాత కోడ్ ఇస్తే కొత్త కోడ్ వస్తుంది." నిజానికి అలాంటి పట్టికలు ఉన్నాయి కూడా. అమెరికా ప్రభుత్వమే తయారుచేయించింది. వాటిని జనరల్ ఈక్వివలెన్స్ మ్యాపింగ్స్ అంటారు, పొట్టిగా జెమ్స్. కానీ వాటిని పక్కన పెట్టుకుని కళ్ళు మూసుకుని కోడ్ వేయొద్దని వాటిని తయారుచేసినవాళ్ళే చెప్పారు. ఎందుకో ఒక విరిగిన చెయ్యి తీసుకుని చూద్దాం.

ఒకావిడ జారి, అరచెయ్యి నేలకి ఆనించి పడింది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. దీన్ని కాలిస్ ఫ్రాక్చర్ అంటారు. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి రాకపోతే పాత కోడ్ 813.41. వస్తే 813.51. అంతే. కుడి చెయ్యా, ఎడమ చెయ్యా అన్న ప్రశ్నే లేదు. కొత్త పద్ధతిలో కుడి చేతికి ఎస్52.531, ఎడమ చేతికి ఎస్52.532, ఏ చెయ్యో రాయకపోతే ఎస్52.539. వీటి చివర ఏడో స్థానంలో ఒక అక్షరం తప్పనిసరి. ఏ అంటే మూసుకుని ఉన్న ఫ్రాక్చర్, ఇంకా అసలు చికిత్స జరుగుతోంది. డీ అంటే చికిత్స అయ్యాక మళ్ళీ చూపించుకోడానికి వచ్చింది, ఎముక మామూలుగా అతుక్కుంటోంది. జీ అంటే ఆలస్యంగా అతుక్కుంటోంది. కే అంటే అసలు అతుక్కోలేదు. పీ అంటే వంకరగా అతుక్కుంది. ఇలాంటి అక్షరాలు మొత్తం 16. మూడు పదహార్లు 48. ఒక్క రకం ఫ్రాక్చర్‌కి 48 కోడ్‌లు!

ఇప్పుడు చెప్పండి, 813.41 నుంచి ఏ ప్రోగ్రామ్ కుడి చెయ్యి అని కనుక్కోగలదు? పాత టేబుల్‌లో లేని కాలమ్‌ని కొత్త టేబుల్‌లో నింపాలంటే ఆ సమాచారం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. అది కోడ్‌లో లేదు. డాక్టర్ రాసిన నోట్స్‌లో ఉండాలి. అక్కడా లేకపోతే ఇక ఎక్కడా లేదు. ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్ళాక దీని అవసరం ఇంకా తెలుస్తుంది. అదే మనిషికి మూడు నెలల్లో రెండో చెయ్యి విరిగితే, పాత పద్ధతిలో అదే కోడ్ మళ్ళీ కనిపిస్తుంది. ఇది కొత్త దెబ్బా, పాత బిల్లే రెండోసారి పంపారా అని అనుమానం. ఆ అనుమానం తీరేదాకా బిల్లు ఆగుతుంది, పేషెంట్‌కి తలనొప్పి.

అందుకే ట్రైనింగ్ కోడర్లతో ఆగలేదు. మొదటి వరస డాక్టర్లు. అందరు డాక్టర్లకీ 69 వేల కోడ్‌లు నేర్పడం అయ్యే పని కాదు, అవసరమూ లేదు. ఎముకల డాక్టర్‌కి చెప్పింది నాలుగైదు మాటలే: ఏ వైపు, ఎముకలో ఏ భాగం, చర్మం చీలిందా లేదా, ఎముక పక్కకి జరిగిందా, ఇది చికిత్సా లేక తర్వాతి చూపింపా. షుగర్ చూసే డాక్టర్‌కి చెప్పింది వేరు: టైప్ 1ఆ, టైప్ 2ఆ, దానివల్ల కిడ్నీకో కంటికో దెబ్బ తగిలిందా అన్నది స్పష్టంగా రాయండి అని. ఉత్త టైప్ 2 షుగర్‌కి ఈ11.9. దానివల్ల కిడ్నీ జబ్బు వస్తే ఈ11.22. పేషెంట్ పరిస్థితి రెండింటిలో చాలా తేడా. రాయకపోతే ఆ తేడా రికార్డులో మాయం. ఇలా ఏ విభాగానికి కావలసింది ఆ విభాగానికి విడగొట్టి చెప్పడం ఈ ట్రైనింగ్‌లో అసలు కిటుకు.

రెండో వరస కోడర్లు. వాళ్ళకి మొదట నేర్పింది కోడ్‌లు కాదు, అనాటమీ. అక్క మాటల్లో చెప్పాలంటే: "పాత పద్ధతిలో కోడ్ నోటికి వచ్చేది. కొత్తదాంట్లో నోటికి రావడం కాదురా, పేషెంట్‌కి ఏం జరిగిందో కళ్ళముందు కనిపించాలి." ఆపరేషన్ల కోడ్ చూస్తే ఆ మాట అర్థమవుతుంది. లాపరోస్కోపీతో అపెండిక్స్ తీసేస్తే కోడ్ 0డీటీజే4జెడ్‌జెడ్. ఇది గాలిలోంచి ఊడిపడింది కాదు. 0 అంటే మెడికల్ సర్జికల్ విభాగం, డీ అంటే జీర్ణ వ్యవస్థ, టీ అంటే అవయవం మొత్తం తీసేయడం, జే అంటే అపెండిక్స్, 4 అంటే చిన్న రంధ్రం గుండా కెమెరాతో, చివరి రెండు జెడ్‌లు అంటే లోపల ఏ పరికరమూ పెట్టలేదు, అదనంగా చెప్పేదీ లేదు. ఏడు స్థానాలు, ఏడు ప్రశ్నలు. సున్నాతో, ఒకటితో పొరపడకుండా ఓ, ఐ అక్షరాలు ఈ కోడ్‌లలో అసలు వాడరు. ఈ డిజైన్ చేసినవాళ్ళకి దండం పెట్టాలనిపించింది నాకు.

ఇక్కడో చిక్కు. ఈ పద్ధతిలో 'రిసెక్షన్' అంటే అవయవం మొత్తం తీసేయడం, 'ఎక్సిషన్' అంటే కొంత భాగమే తీయడం. సర్జన్లు రాసేటప్పుడు ఈ తేడా పాటించరు. కొంచెమే తీసినా 'పార్షియల్ రిసెక్షన్' అని రాస్తారు. డాక్టర్ భాష మార్చుకోనక్కర్లేదు, చేసిన పని చదివి దానికి తగ్గ నిర్వచనం ఎంచుకునే బాధ్యత కోడర్‌దే అని రూల్స్‌లోనే ఉంది. నోట్స్‌లో అసలు విషయమే లేకపోతే మాత్రం డాక్టర్‌ని అడగాలి. ఆ అడగడానికీ పద్ధతి ఉంది. "షుగర్ వల్లే కిడ్నీ పాడైంది కదా సార్, అలా రాసేయండి" అనకూడదు. "కిడ్నీ జబ్బుకి కారణం ఏంటో స్పష్టం చేయగలరా" అని అడగాలి. ఎక్కువ డబ్బు వచ్చే జవాబుని డాక్టర్ నోట్లో పెట్టడం తప్పు.

సాధన ఎలా చేశారంటే, అక్టోబర్‌కి ముందు నెలల్లో ఒకే చార్ట్‌కి పాత కోడ్, కొత్త కోడ్ రెండూ వేసేవాళ్ళు. దీన్ని డ్యూయల్ కోడింగ్ అంటారు. తర్వాత నలుగురూ కూర్చుని ఎవరి కోడ్ ఎందుకు తేడా వచ్చిందో చూసుకునేవాళ్ళు. కోడర్ తప్పెంత, డాక్టర్ రాయకపోవడం ఎంత అన్నది అక్కడ బయటపడేది. డాక్టర్లకి ఏం నేర్పాలో ఆ జాబితాలోంచే తేలేది. మనం పారలల్ రన్ అనేది ఇదే.

వేగం తగ్గుతుందని అందరికీ ముందే తెలుసు. 2001 నుంచి విడతలవారీగా మారిన కెనడాలో అదే జరిగింది. అందుకే 2015 జులైలో అమెరికా మెడికేర్ ఒక వెసులుబాటు ఇచ్చింది. మొదటి ఏడాది, డాక్టర్ వేసిన కోడ్ సరైన కుటుంబంలోదైతే చాలు, వివరం తగ్గిందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తిప్పికొట్టం అని. ఇంకో చిక్కుముడి తేదీది. ఏ కోడ్ వాడాలన్నది బిల్లు పంపిన రోజుని బట్టి కాదు, వైద్యం చేసిన రోజుని బట్టి. ఆసుపత్రిలో చేరినవాళ్ళకైతే డిశ్చార్జ్ అయిన రోజుని బట్టి. అందుకని అక్టోబర్‌లో కూడా సెప్టెంబర్ చార్ట్‌లు పాత పద్ధతిలోనే. "పొద్దున తొమ్మిది, మధ్యాహ్నం పది. కలలో కూడా కోడ్‌లే" అంటుంది అక్క.

ఇదంతా అమెరికా బిల్లుల గొడవ, మనకేంటి అనుకోవచ్చు. మన దేశంలో ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే డాక్టర్ ఫారం 4లో మరణ కారణం రాయాలి. దాన్నీ ఐసీడీ కోడ్‌గానే మారుస్తారు. ఆ ఫారంలో వెంటనే చంపిన కారణం, దానికి దారితీసింది, అన్నిటికీ మూలమైన జబ్బు అని వరసగా అడుగుతారు. అక్కడ 'కార్డియాక్ అరెస్ట్' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఐ46.9 అని కోడ్ పడుతుంది. గుండె ఆగకుండా చనిపోయినవాళ్ళు ఎవరుంటారు చెప్పండి? ఆ మనిషికి టీబీ ఉందా, ఇరవై ఏళ్ళ షుగర్ ఉందా అన్నది పోయింది. ఏ జిల్లాలో దేనికి డబ్బు పెట్టాలో ఆ లెక్కలు చూసే నిర్ణయిస్తారు. లెక్కలోకి రాని జబ్బుకి మందు కూడా రాదు.

ఇప్పుడు పదకొండో వెర్షన్ వచ్చేసింది. 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చారు. టైప్ 2 షుగర్ అందులో 5ఏ11. ఒక కోడ్‌కి ఇంకో కోడ్ తగిలించి వివరం పెంచుకోవచ్చు. 2024 జనవరిలో ఆయుర్వేద, సిద్ధ, యునాని పదాలకి కూడా అందులో చోటు ఇచ్చారు. దేశాలు ఒక్కొక్కటిగా మారతాయి. మళ్ళీ డాక్టర్లు, నర్సులు, కోడర్లు, రిజిస్ట్రేషన్ క్లర్కులు అందరూ మొదటి నుంచి నేర్చుకోవాలి. అక్క కూడా.

మనలో కొంతమంది రేపు ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ రాస్తాం. డ్రాప్‌డౌన్‌లో 'ఏ చెయ్యో తెలియదు' అన్న ఆప్షన్‌ని అన్నిటికంటే పైన పెడితే, రోజుకి ఎనభై మందిని చూసే డాక్టర్ అదే నొక్కుతాడు. ఎన్ని వారాల ట్రైనింగ్ ఇచ్చినా ఆ ఒక్క క్లిక్ ముందు ఓడిపోతుంది. కాబట్టి ఆ స్క్రీన్ గీసే ముందు ఒక పూట వెళ్ళి మెడికల్ కోడర్ పక్కన కూర్చోండి. హైదరాబాద్‌లో వెతకాల్సిన పని లేదు, మీ చుట్టాల్లోనే ఒకరు ఉంటారు.