‘రోబోటు’ పదము పుట్టిన కథ

మనుష్యులకువలెనే పదములకును పుట్టిన ఊరును, పెరిగిన తీరును ఉండును. పెక్కు పదములను మొదట పలికినవారెవరో చెప్పుట సాధ్యము కాదు. అవి జనుల నోళ్లలో నాని తరతరములుగా వచ్చుచున్నవి. కాని కొన్ని పదములు ఫలానా సంవత్సరమున ఫలానా రచయిత కలమునుండి వెలువడినవని నిశ్చయముగా చెప్పవచ్చును. విజ్ఞాన కల్పనా కథలలో ఇట్టి పదములు మెండు. లోకమున లేని వస్తువును ఊహించినవాడు దానికి పేరునుగూడ తానే పెట్టవలసి యుండును గదా! అట్లు పుట్టి, కథలను దాటి, లోకవ్యవహారమున స్థిరపడిన పదములలో ‘రోబోటు’ ముఖ్యమైనది.

మధ్య యూరపునందలి చెక్ జాతికి చెందిన రచయిత కారెల్ చాపెక్ 1920లో ‘ఆర్. యు. ఆర్.’ అను నాటకమును ప్రకటించెను. అందు మనుష్యులకు బదులుగా పనిచేయు కృత్రిమ శ్రామికులు పాత్రలు. వారికేమి పేరు పెట్టవలెనో కారెల్‌కు తోచలేదు. ఆయన అన్న యోసెఫ్ చాపెక్ చిత్రకారుడు. కారెల్ అన్నయొద్దకు పోయెను. అప్పుడు యోసెఫ్ కుంచెను నోట కరచుకొని చిత్రము వ్రాయుచుండెను. లాటిను భాషలో ‘పని’ అను అర్థముగల పదమునుండి ‘లాబొరి’ అని పిలువవచ్చును గాని, అది పండితభాషవలె బిగువుగా నున్నదని తమ్ముడు చెప్పెను. అన్న కుంచె తీయకయే, అట్లయిన రోబోట్లని పిలువుమని గొణిగెను. ఈ సంగతిని కారెల్ 1933లో ఒక పత్రికయందు వ్రాసి, ఆ పదమును సృష్టించినవాడు తాను గాడనియు, తన అన్నయేననియు లోకమునకు తెలిపెను.

యోసెఫ్ ఆ పదమును శూన్యమునుండి తీయలేదు. చెక్ భాషలో ‘రొబొత’ అనగా ప్రభువు పొలములో రైతు కూలి లేక చేయవలసిన పని. స్లావు భాషలలో బానిసను తెలుపు ‘రబ్’ అను పదమే దీనికి మూలము. బొహీమియా దేశమున రైతులు తమ పొలములను విడిచి, వారమున కొన్నిదినములు జమీందారుల భూములలో ఇట్లు శ్రమింపవలసి యుండెను. 1775లో రైతులు తిరుగబడిరి. ఆ సంవత్సరమే మరియా థెరీసా రాణి ఈ పనిని వారమునకు మూడుదినములవరకు పరిమితము చేయుచు శాసనము గావించెను. 1848లోగాని ఆ పద్ధతి పూర్తిగా రద్దు కాలేదు.

‘రొబొత’కు సరియైన మాట మన భాషలోనే కలదు. అది ‘వెట్టి’. సంస్కృతమున కూలిలేని పనికి ‘విష్టి’ యని పేరు. దానినుండియే ‘వెట్టి’ వచ్చినది. నిజాము కాలమున తెలంగాణపు పల్లెలలో దేశముఖుల గడీలకు వెట్టిచాకిరి చేసినవారి బాధలు చరిత్రకెక్కినవి. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. కావున ‘రోబోటు’ను అక్షరార్థమున తెనిగించినచో ‘వెట్టివాడు’ అనవలెను.

ఈ యర్థము తెలిసిననే గాని నాటకములోని సారము బోధపడదు. ఒక ద్వీపమందలి కర్మాగారమున రోబోట్లు వేలకొలదిగా తయారై లోకమంతటికిని అమ్ముడుపోవును. వానిని కనిపెట్టినవాని పేరు రోసుమ్. చెక్ భాషలో ‘రొజుమ్’ అనగా బుద్ధి. పనులన్నియు రోబోట్లు చేయుచుండగా మానవులు సోమరులగుదురు. తుదకు రోబోట్లు తిరుగబడి మానవజాతిని నిర్మూలించును. ఒక్క ఆల్క్విస్ట్‌ను మాత్రము విడిచిపెట్టును. కారణమేమనగా, ఆయన తమవలెనే చేతులతో పనిచేయువాడు! 1921 జనవరిలో ఈ నాటకము ప్రేగు నగరపు జాతీయ నాటకశాలయందు ప్రదర్శింపబడినది. రెండు మూడేండ్లలో న్యూయార్కు, లండను నగరములకు పోయినది. దానితో ‘రోబోటు’ పదమును దేశములు దాటినది.

పదము ప్రయాణించుకొలది అర్థము మారినది. చాపెక్ రోబోట్లు ఇనుముతో చేసినవి గావు. అవి రసాయన పదార్థముతో పోతపోసిన, రక్తమాంసములవంటి దేహములు గలవి. తరువాతి రచయితలు వానిని లోహయంత్రములుగా మార్చిరి. అమెరికా రచయిత ఐజాక్ ఆసిమోవ్ 1941లో ‘రోబోటిక్స్’ అను పదమును వాడెను. అట్టి శాస్త్రనామము అంతకుముందే యున్నదని ఆయన తలచెనట! 1942లో ఒక కథయందు రోబోట్లకు మూడు నియమములు విధించెను. మనుష్యునకు హాని చేయరాదు, హాని కలుగుచుండగా ఊరకుండరాదు అనునది మొదటిది. దానికి భంగము రాకుండ మనుష్యుని ఆజ్ఞ పాలింపవలెననునది రెండవది. ఆ రెంటికిని విరోధము లేకుండ తన్ను తాను కాపాడుకొనవలెననునది మూడవది. 1961లో అమెరికాలోని ఒక మోటారుకార్ల కర్మాగారమున ‘యూనిమేట్’ అను రోబోటు పనిలో చేరినది. దానికి తల లేదు, కాళ్లు లేవు. కాగిన లోహపు భాగములను ఎత్తుటకు ఒక చేయి మాత్రమే యున్నది. తెలుగువారు దీనికి ‘మరమనిషి’ యని చక్కని పేరు పెట్టిరి. నీటిమర, పిండిమర అనుచోట్ల నున్న మరయే ఇదియును. ఈ పేరున యంత్రము కానవచ్చును గాని వెట్టి కానరాదు.

నేటి పత్రికలలో వినవచ్చు ‘సైబర్’ మాటయు ఇట్టిదే. గ్రీకు భాషలో ఓడ చుక్కాని పట్టువాని పేరునుండి నార్బర్ట్ వీనర్ 1948లో ‘సైబర్నెటిక్స్’ను కల్పించెను. 1982లో విలియం గిబ్సన్ ఒక కథలో ‘సైబర్‌స్పేస్’ అనెను. కంప్యూటర్ల లోకమునకే అది పేరైనది.

‘రోబోటు’ పదమునిచ్చిన యోసెఫ్ చాపెక్ గతి మాత్రము దుఃఖకరము. 1939లో నాజీలు ఆయనను బంధించిరి. నిర్బంధ శిబిరములలో ఐదేండ్లకు పైగా గడిపి, 1945 ఏప్రిలులో బెర్గెన్–బెల్సెన్ శిబిరమున ఆయన మరణించెను. మనుష్యుని పనిముట్టుగా చూచుట ఎంత క్రూరమో ఆయన పెట్టిన పేరే చెప్పుచున్నది. యంత్రముచేత వెట్టి చేయించినచో ఎవరికిని నొప్పి లేదు. మనుష్యునిచేత మాత్రము చేయింపరాదు. రోబోటను మాట వినినప్పుడెల్ల, జీతములేక పరుల పొలము దున్నిన ఆ పూర్వపు రైతును తలచుకొనుట ఉచితము.